ఎవరూ పంపని ఆదేశం

అత్తగారి గది ఊడుస్తూ కిటికీ తెరిచాను. ఆఫీసుకు బయలుదేరే ముందు, తల దువ్వుకునే తీరిక లేక జుట్టు ముడేసుకుని చేసిన పని. చాలాకాలంగా మూసి ఉంచడం వల్ల గదంతా ముక్కవాసన. రెక్కలు రెండూ బార్లా తీసి, గాలికి కొట్టుకోకుండా కొక్కేలు పెట్టాను. గోడ వైపు తిరిగి ఉన్న కుర్చీని కిటికీ వైపు తిప్పాను. మంచం పక్క బల్ల మీద బోర్లించి ఉన్న స్టీలు గ్లాసును తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే కిటికీ మూసి ఉంది. కుర్చీ గోడ వైపే ఉంది. గ్లాసు మళ్ళీ బల్ల మీదికి వచ్చి బోర్లా పడుకుంది.

"కిటికీ ఎవరు మూశారు?" అని అడిగాను.

మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఏ కిటికీ?"

"అత్తయ్యగారి గదిలోది."

"ఆ గదిలోకి నేనెందుకెళ్తాను?" అన్నారు. అది నిజమే. తల్లి పోయినప్పట్నుంచీ ఆయన ఆ గుమ్మం దాటలేదు. "నువ్వే మూసుంటావు. నీకసలే మతిమరుపు."

నాకు మతిమరుపు లేదు. ఏ బ్రాంచిలో ఏ అంతస్తులో ఉన్న కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఇంట్లో ఒక్కసారి ఆయన తెల్ల చొక్కా ఎక్కడుందో తట్టకపోతే అది మతిమరుపు. కూతురు ఏ క్లాసు చదువుతోందో ఆయన తడుముకుంటే అది పని ఒత్తిడి. ఈ తేడా నాకు పెళ్ళైన కొత్తలోనే తెలిసిపోయింది కాబట్టి వాదించలేదు. కూతుర్ని అడిగాను. అది పుస్తకంలోంచి తలెత్తి, "నేను కాదమ్మా. నానమ్మ గదిలోకి నేనొక్కదాన్నే వెళ్ళను" అంది. మా ఇంట్లో మేం ముగ్గురమే ఉంటాం.

అత్తగారు పోయి ఏడాది దాటింది. ఆవిడ నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమ తమ అత్తల గురించి చెప్పుకుని కళ్ళు తుడుచుకునేటప్పుడు నా వైపు చూసి, "నీకేం, పెట్టిపుట్టావు" అనేవారు. ఆవిడ అనేవారు కాదు, దిద్దేవారు. వంటింట్లో డబ్బాల వరస మారిస్తే, నేను స్నానం చేసి వచ్చేలోపు పాత వరసే ఉండేది. దుప్పటి నేను మడిచి పెట్టాక ఆవిడ విప్పి మళ్ళీ మడిచేవారు. కోపం లేదు, విసుగు లేదు. కిటికీ తెరిస్తే వెనకాలే వచ్చి, సరిగ్గా వంగని మణికట్టు కాబట్టి అరచేతి అడుగుభాగంతో గడియ పైకి తోసి, "గాలొస్తే దుమ్మొస్తుందమ్మా" అనేవారు. నాతో కాదు, కిటికీతో చెప్పినట్టు. కొన్నాళ్ళకు ఆవిడ ఎలా పెడతారో నేను ముందే అలా పెట్టేయడం నేర్చుకున్నాను. ఇద్దరికీ శ్రమ తప్పింది. మా మధ్య గొడవ లేదంటే అదీ కారణం.

నేను ఒక బీమా కంపెనీలో పనిచేస్తాను. ఊరూరా బ్రాంచీలు, బల్లకో కంప్యూటరు. వాటిలో ఏ సాఫ్ట్‌వేర్ దిగాలి, ఏది దిగకూడదు, ఎవరు ఏ బటన్ నొక్కొచ్చు, ఎవరు నొక్కకూడదు, అన్నీ హెడ్డాఫీసులో ఒక కుర్చీలో కూర్చుని నేను పెడతాను. ప్రతి మిషనూ కాసేపటికోసారి హెడ్డాఫీసులోని కేంద్ర సర్వర్ని అడుగుతుంది, నేనెలా ఉండాలి అని. కేంద్రం చెప్తుంది. మధ్యలో ఎవరైనా గుమాస్తా ముచ్చటపడి ఏదైనా మార్చుకున్నా, ఈసారి అడిగినప్పుడు మళ్ళీ మొదటికి వచ్చేస్తుంది. మార్చడానికి వీల్లేని బటన్లు తెర మీద బూడిదరంగులో కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాలతో ఉంటుంది, ఈ సెట్టింగ్ మీ సంస్థ అధీనంలో ఉంది అని.

దాంతో నాకు తాళాల మేడమ్ అని పేరు పెట్టారు. నేను క్యాంటీన్లోకి వెళ్తే, "అదిగో తాళాల మేడమ్, మన టీ కప్పు కూడా లాక్ చేసేస్తారు జాగ్రత్త" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. బ్రాంచీల నుంచి ఫోన్ చేసి నా గొంతు వినగానే, "టెక్నికల్ వాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమ్మా" అంటారు. పక్క సీటులో ఉన్న కుర్రాడికి ఫోనిస్తే, అతను నన్నడిగి వాళ్ళకు చెప్తాడు, వాళ్ళు అతనికి థాంక్స్ చెప్తారు. మీటింగుల్లో మా మేనేజరు నేను రాసిన ప్లాను మా టీమ్ ప్లాను అని చూపించి, మధ్యలో నా వైపు వంగి, "టీలు చెప్పారా మేడమ్?" అని అడుగుతారు. పాపం, మంచాయనే. మంచివాళ్ళతోనే నాకు చిక్కు.

కొత్తగా చేరినవాళ్ళకు ఈ పని నేర్పేది కూడా నేనే. ఏ సెట్టింగ్‌కైనా మూడు జవాబులుంటాయి అని మొదలుపెడతాను. అమలు చెయ్యి, ఆపెయ్యి, ఏమీ చెప్పలేదు. మొదటి రెండూ అందరికీ అర్థమవుతాయి. మూడోదాని దగ్గర ప్రతివాళ్ళూ పొరపడతారు. ఏమీ చెప్పలేదంటే ఇక మన ఇష్టమేగా మేడమ్ అంటారు. కాదు. ఏమీ చెప్పకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడు ముందే ఎలా పెట్టి ఉంచాడో అలా నడుస్తుంది. ఎవరూ ఏమీ చెప్పనిచోటే అన్నిటికన్నా గట్టి తాళం ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నా ఒళ్ళు ఎందుకో ఒక్కసారి జలదరిస్తుంది. ఏసీ ఎక్కువైందనుకునేదాన్ని.

కిటికీ మాట మొదలైన వారంలోనే మేనేజరు నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేశారు. అన్ని బ్రాంచీల బాధ్యత, ఆ హోదాతో సహా, ఇకమీదట ఒకరి చేతిలోనే పెట్టాలని పైవాళ్ళు అనుకుంటున్నారట. ఆ ఒకరు నేనేనట. ఇన్నేళ్ళలో నేను నోరు తెరిచి అడగని, ప్రతిరోజూ కోరుకున్న కుర్చీ అది.

"ఒక్కటే షరతు మేడమ్. పెద్ద మార్పులన్నీ సెలవురోజుల్లో, మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడు పంపాలి కదా. ఇంటినుంచే చెయ్యాలి. తలుపు గడియ వేసుకునే గది ఒకటి ఉండాలి. మీ తెర ఇంకొకళ్ళ కంట పడకూడదు. నెలాఖరుకల్లా గది ఫొటో పంపండి. లేకపోతే మీ పక్క సీటు కుర్రాడికి ఇవ్వాల్సొస్తుంది, అతనిది ఎటూ సింగిల్ రూమే." కాస్త ఆగి, "ఇంట్లో ఒప్పుకుంటారా? కావాలంటే సార్‌తో నేను మాట్లాడతాను" అన్నారు.

"అక్కర్లేదండీ, నేనే మాట్లాడతాను" అన్నాను.

అప్పటిదాకా నా సెలవురోజు పనంతా భోజనాల బల్ల మీదే. ఒక చెవి కుక్కర్ కూతల మీద, ఒక కన్ను తెర మీద. కీబోర్డు పక్కన కూరగాయల తొక్కలు. అన్ని బ్రాంచీలకూ ఒకేసారి మార్పు పంపే బటన్ మీద నా వేలుండగా, "కాస్త మంచినీళ్ళు" అని వినిపించేది. లేచి ఇచ్చి వచ్చి నొక్కేదాన్ని.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన సంతోషించారు కూడా. "మంచిదేగా. గదిదేముంది, నీ ఇష్టం" అన్నారు. నేను ఇంకా ఊపిరి పూర్తిగా వదలకముందే, "అక్కకి మాత్రం ఒక మాట చెప్పు" అన్నారు.

అక్క అంటే మా పెద్దాడపడుచు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి నాలుగు రోజులుండి వెళ్తుంది. ఫోన్లో అంతా వింది. "అమ్మ గదా? నీ ఇష్టం అమ్మాయ్. ఆ ఇంట్లో ఉండేదానివి నువ్వు, నాదేముంది. ఆ మంచం మీద పడుకుంటే అమ్మ పక్కనున్నట్టుంటుంది నాకు. అంతే. అలవాటైపోయింది. సరేలే, నీ ఇష్టం" అంది.

"సరే వదినా" అన్నాను. దేనికి సరే అన్నానో నాకే తెలియలేదు. ఇద్దరు మనుషులు నీ ఇష్టం అన్నారు. మూడుసార్లు ఆ మాట నా చేతిలో పెట్టారు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతిలో గది లేదు.

అయినా మొండితనం వచ్చింది. నా మడత బల్ల ఆ గదిలోకి మోసుకెళ్ళి కిటికీ ముందు వేశాను. మర్నాడు సాయంత్రానికి అది మడిచి, తలుపు వెనక ఆనించి ఉంది. కిటికీ మూసి ఉంది. మంచం మీది దుప్పటి ముడతైనా లేకుండా ఉంది. నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ మర్నాడు మళ్ళీ అన్నీ వేసి, కిటికీ తెరిచి, గదికి తాళం పెట్టి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు వెళ్ళాను. రోజంతా ఆ బ్యాగు నా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను. భోజనానికి వెళ్తే భుజాన వేసుకుని వెళ్ళాను. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా తాళం తీశాను.

కిటికీ మూసి ఉంది. బల్ల తలుపు వెనక ఉంది. గ్లాసు బోర్లించి ఉంది. కుర్చీ, గోడతో ఏదో మాట్లాడుతున్నట్టు, అటు తిరిగి ఉంది.

గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆవిడ మోకాళ్ళకు రాసుకునే తైలం వాసన వేసింది. వేసిందనుకున్నానో, నిజంగా వేసిందో తెలియదు. ఎవరితో చెప్పను? చదువుకున్నదానివి, ఇదేం పిచ్చి అంటారు. లేదా ఇంకా ఘోరం, నమ్మేస్తారు. అమ్మకి ఇష్టం లేదు, వదిలెయ్ అంటారు. మా ఆయన హాల్లో ఉన్నారు కాబట్టి గొంతు తగ్గించి, "అత్తయ్యా, నాకు ఈ గది కావాలి" అన్నాను. బతికుండగా ఆవిణ్ణి ఒక్క గరిటె కూడా అడిగి ఎరగను. గది ఏమీ అనలేదు. ఆవిడ బతికున్నప్పుడూ అంతే కదా.

ఆ రోజుల్లోనే క్లెయిముల సెక్షన్ గుమాస్తా ఒకాయన ఫోన్ చేశాడు. "మేడమ్, మా సిస్టమ్‌కి దెయ్యం పట్టింది. భూతవైద్యుడు కావాలా, మీరు సరిపోతారా?" ఆయన కంప్యూటర్ తెరవగానే కంపెనీ పాత వెబ్‌సైటు పేజీ వస్తోందట. ఆ సైటు మూసేసి ఎన్నో ఏళ్ళయింది, అంచేత తెల్లటి ఖాళీ పేజీ వస్తుంది. మార్చుకుందామని చూస్తే బటన్ బూడిదరంగులో ఉంది. మా వాళ్ళు ఒకళ్ళిద్దరు వెళ్ళి చేత్తో మార్చి వచ్చారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే ఖాళీ పేజీ.

కేంద్రంలో నా దగ్గరున్న ఆదేశాలన్నీ వెతికాను. ఆ పేజీ పెట్టమని ఎక్కడా లేదు. మీ సంస్థ అధీనంలో ఉంది అని ఆ తెర చెప్తోంది. ఆ సంస్థ తరఫున ఆదేశాలు ఇచ్చే మనిషిని నేనే. నేను ఇవ్వలేదు. ఖాళీ పేజీ వంక చూస్తూ కూర్చుంటే నాకు మా ఇంటి గది గుర్తొచ్చింది. చివరికి, నాకు పని నేర్పి వేరే కంపెనీకి వెళ్ళిపోయిన పాత ఇంజనీరుకు ఫోన్ చేశాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"అది ఇంకా బతికే ఉందా? అది నేను పెట్టిందేనే. తర్వాత తీసేశాను కూడా."

"తీసేస్తే పోవాలి కదా మేడమ్."

"అన్నీ పోవు. అప్పట్లో ఆ మిషన్లు మొండికేస్తున్నాయని, పొద్దున్నే లేవగానే ఆ పేజీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని దిద్దుకునే చిన్న పనొకటి మిషన్లలోనే పెట్టాను. కేంద్రంలో నా ఆదేశం తీసేశాను గానీ ఆ పని లోపలే ఉండిపోయినట్టుంది. బయటినుంచి ఎవరూ ఏమీ పంపట్లేదు. అదే తనంతట తను దిద్దుకుంటోంది. పచ్చబొట్టు అంటాం చూడు, అదే."

"మరేం చెయ్యాలి?"

"ఊరుకుంటే పోదు. మానెయ్ అని పనిగట్టుకుని చెప్పాలి. ఒక ఆదేశం రాసి పంపు. ఇంకోటి, ఆ మిషన్‌ని నమూనాగా పెట్టుకుని కొత్తవి తయారుచెయ్యకండి. పచ్చబొట్టుతో సహా దిగుతాయి."

ఆదేశం రాసి పంపాను. గుమాస్తా దెయ్యం వదిలింది. నా దెయ్యం సంగతి నాకు అప్పటికి తోచలేదు.

నెలాఖరు దగ్గర పడింది. సెలవురోజు పొద్దున్న మా ఆయన కూతుర్ని తీసుకుని చెప్పులు కొనడానికి బజారుకు వెళ్ళారు. అన్ని బ్రాంచీలకూ కొత్త మీటింగ్ సాఫ్ట్‌వేర్ పంపాలి. పంపే ముందు నా లాప్‌టాప్‌లో వేసుకుని చూడటం నా పద్ధతి. గొంతు సరిగ్గా వినిపిస్తోందా, బొమ్మ వెనకబడుతోందా అని ఒక రికార్డింగు చేసి చూస్తాను. ఇల్లంతా ఖాళీ, ఇంక భయమేమిటని ఆ గదిలోనే కూర్చున్నాను. లోపల గడియ పెట్టాను. నా వెనక కిటికీ తెరిచి, వెలుతురు బాగా వస్తోందని చూసుకుని, రికార్డింగు నొక్కి, ఆ సాఫ్ట్‌వేర్ తాలూకు సూచనల్ని పైకి చదవడం మొదలుపెట్టాను. ఎన్నో ఏళ్ళుగా చదివి చదివి సగం నోటికొచ్చిన మాటలవి. చదవడం అయ్యాక ఆపి, మొదట్నుంచి వేసి చూశాను.

తెర మీద నేను కూర్చుని చదువుతున్నాను. వెనక కిటికీలో ఎండ. గొంతు బాగుంది, పెదవులూ మాటా కలిసే ఉన్నాయి. చదువుతూ చదువుతూ తెర మీది నేను లేచాను.

నేను లేవలేదు. కూర్చున్న కుర్చీలోంచి కదిలిన జ్ఞాపకం నాకు రవ్వంత లేదు. తెర మీద మాత్రం లేచాను. చదవడం ఆపలేదు, వాక్యం తెగలేదు. వెళ్ళి ఎడం రెక్క మూశాను, తర్వాత కుడి రెక్క. వేళ్ళతో కాకుండా, అరచేతి అడుగుభాగంతో గడియ పైకి తోశాను. నా మణికట్టుకు ఏ జబ్బూ లేదు. మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి అంచు లాగి సరిచేశాను. చేతికి దొరికిన నా మంచినీళ్ళ గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేసి, బల్ల మీద బోర్లించాను. కెమెరా వైపు తిరిగినప్పుడు నా మొహం చూశాను. కోపం లేదు, విసుగు లేదు. ఏమీ లేదు. చదువుతున్న సూచనల మధ్య, ఊపిరి తీసుకునే చోట, మెల్లగా, "గాలొస్తే దుమ్మొస్తుందమ్మా" అన్నాను. వచ్చి కూర్చుని తర్వాతి మాట అందుకున్నాను.

తల తిప్పి చూడటానికి చాలాసేపు ధైర్యం చాల్లేదు. చూశాను. కిటికీ మూసి ఉంది. గది అప్పటికే మసకగా ఉందని, ఆ మసకలోనే నేను ఇందాకట్నుంచీ కూర్చుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

దెయ్యమైతే ఎంత బాగుండేది. ఎవరితోనైనా చెప్పుకునేదాన్ని, తిట్టుకునేదాన్ని, ఇల్లు మారదామనేదాన్ని. ఆ తాళం వేసిన రోజు కూడా, తాళం వేయడానికి ముందు ఈ చేతులే అన్నీ సర్ది ఉంటాయి. ఆవిడ ఎక్కడా లేరు పాపం, ఎప్పుడో వెళ్ళిపోయారు. నా ఒంట్లో ఈ ఒక్క కిటికీయేనా ఇంకా ఏమైనా ఉన్నాయా? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది చూసుకుని నాకు ఆకలి లేదనుకునేది నేనేనా? మేనేజరు నా ప్లాను తనదని చూపిస్తుంటే నవ్వే ఆ నవ్వు ఎవరిది? వదినతో ఫోన్లో సరే అన్న గొంతు ఎవరిది? ఎవరు చెప్పారు నాకు ఇవన్నీ? మా అమ్మ చెప్పలేదు. అత్తగారు చెప్పలేదు. మా ఆయనైతే ఎన్నడూ చెప్పలేదు, ఆయన అన్నిటికీ నీ ఇష్టం అంటారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నా చేతుల వంక చూస్తూ కూర్చున్నాను. లేచి కిటికీ తెరిచాను. తెరుస్తున్నాను అని నాకు నేను పైకి చెప్పుకుంటూ తెరిచాను.

అంతలోనే గది తలుపు కొట్టిన చప్పుడయింది. కూతురు కొత్త చెప్పులు వేసుకునే పరిగెత్తుకొచ్చింది. వెళ్ళి గడియ తీశాను. నేను ఉన్నాను కాబట్టి ధైర్యంగా గదిలోకి వచ్చింది. "అమ్మా, నాన్న నల్లవి తీసుకోమన్నారు, నేనే నీలంవి తీసుకున్నా. కొంచెం పెద్దవి, కానీ వచ్చే ఏడాదికి సరిపోతాయట" అంటూ చెప్పులు టకటకలాడిస్తూ గదిలో అటూ ఇటూ నడిచి చూపించింది. ఆ నడకలోనే కిటికీ దగ్గరికి వెళ్ళింది. మాట ఆపలేదు. ఎడం రెక్క, తర్వాత కుడి రెక్క. అరచేతి అడుగుభాగంతో గడియ తోసింది. వెనక్కి తిరిగి, "షాపాయన ఎంత తమాషాగా మాట్లాడాడో తెలుసా" అంది.

"ఎందుకు మూశావు?" అన్నాను.

"ఏది?"

"కిటికీ."

అది కిటికీ వైపు చూసింది. నా వైపు చూసింది. దాని కళ్ళల్లో అబద్ధం లేదు. "నేను మూయలేదమ్మా" అంది.

నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను. "ఏంటమ్మా, ఊపిరాడట్లేదు" అని నవ్వుతూ విడిపించుకుని వెళ్ళిపోయింది. పాత ఇంజనీరు ఫోన్లో నమూనా గురించి చెప్పిన రెండో మాట అప్పుడు నా నెత్తిన పడింది. ఇంక ఆ గది ఒక ఉద్యోగం కోసం కాదు.

ఆ సాయంత్రం వదిన ఫోన్ చేసింది. మా ఆయన స్పీకర్ పెట్టి హాల్లో బల్ల మీద ఉంచారు. "వచ్చేవారం వస్తున్నానురా. వారం పది రోజులుంటాను. మీ ఆవిడకి చెప్పు, అమ్మ గది దులిపి ఉంచమని. పాపం, ఏ వస్తువూ అటూ ఇటూ కానివ్వదు, ఎప్పుడొచ్చినా అమ్మ పెట్టినట్టే ఉంచుతుంది. ఆ మాట మాత్రం ఎవరి దగ్గరైనా చెప్తాను." ఆయన నా వైపు చూసి కళ్ళతోనే చెప్పు అన్నారు. ఏం చెప్పాలో ఇద్దరికీ తెలుసు. ఆ మాట అప్పటికే నా నాలుక చివరికి వచ్చి ఉంది. సరే వదినా. నేను పిలవలేదు, అదే వచ్చింది. నేను నోరు మూసుకుని అది వెనక్కి వెళ్ళేదాకా ఆగాను. ఎంతసేపు ఆగానంటే, ఫోన్లోంచి వదిన, "లైన్లో ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నాను వదినా. మీరు రండి. ఆ గదిలో రేపట్నుంచి నా ఆఫీసు ఉంటుంది. మంచం హాల్లో వేయిస్తాను, ఫ్యాను బాగా తగిలేచోట."

"అమ్మ గదిలోనా?" అంది వదిన.

"నా గదిలో."

వదిన ఇంకేమీ అనకుండా పెట్టేసింది. మా ఆయన ఆరిపోయిన ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. కోప్పడలేదు. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "ఎవర్నడిగి చెప్పావు?" అన్నారు.

"ఎవర్నీ అడగలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అప్పుడు నా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. నేను లేపలేదు. బల్ల మీద ఉన్న ఫోను వైపు మెల్లగా వెళ్తోంది. మళ్ళీ కలిపి, ఊరికే అన్నాను వదినా, మీ గది మీకే ఉంటుంది అని చెప్పడానికి వెళ్తోందని నాకు తెలుసు. ఎడంచేత్తో దాని మణికట్టు పట్టుకున్నాను. పట్టుకుని ఒళ్ళోకి లాక్కుని, గట్టిగా అదిమి కూర్చున్నాను. అది చాలాసేపు పెనుగులాడింది. నా కూతురు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. మామూలుగా అయితే, నువ్వు లోపలికి వెళ్ళమ్మా అనేదాన్ని. అనలేదు. చూడనిచ్చాను.